కోవిల్‌పట్టి క్యాలెండరు, కేప్ డోర్సెట్ రాయి

మన వైపు ఏ ఇంటికి పోయినా గోడ మీద ఒక దేవుడి పటం కనబడుతుంది. చాలా ఇళ్లల్లో అది డబ్బు పెట్టి కొన్న పటం కాదు. బట్టల కొట్టువాళ్లో, నగల కొట్టువాళ్లో, నూనె మిల్లువాళ్లో కొత్త సంవత్సరానికి ఇచ్చిన క్యాలెండరు. సంవత్సరం అయిపోగానే కింద ఉన్న తేదీల భాగం కత్తిరించేసి, పైన ఉన్న బొమ్మకు చట్రం కట్టించి, అద్దం వేయించి పూజగదిలో పెట్టుకుంటారు. రోజూ బొట్టు పెడతారు, పూలు పెడతారు, కర్పూరం వెలిగిస్తారు. ఆ బొమ్మ కింద మూలన చిన్న అక్షరాల్లో ఒక సంతకం ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ చదవరు.

ఈ వ్యాసంలో నేను ఆ సంతకం గురించి రాస్తున్నాను. దానితోపాటు మనకు చాలా దూరంలో, మంచులో బతికే ఇన్యుట్ ప్రజల రాతిబొమ్మల గురించి కూడా రాస్తున్నాను. కోవిల్‌పట్టి ఎండకూ ఉత్తర ధ్రువం మంచుకూ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. రెండు చోట్లా మామూలు మనుషులు బొమ్మలు చేశారు. రెండు చోట్లా ఆ బొమ్మలు రాతి మీద నుంచి కాగితం మీదికి వచ్చాయి. కానీ అక్కడి కళాకారుల పేర్లు ప్రపంచానికి తెలిశాయి. ఇక్కడి కళాకారుడి పేరు ఆయన బతికిన ఊళ్లోనే చాలామంది పిల్లలకు తెలీదు. ఎందుకు ఇలా అయ్యింది అన్నదే నా ప్రశ్న.

మంచు దేశంలో రాతిబొమ్మలు

చిన్న తరగతుల్లో మనం "ఎస్కిమోలు" అని చదువుకున్నాం. ఆ పేరు వాళ్లు తమకు తాము పెట్టుకున్నది కాదు, బయటివాళ్లు పెట్టింది. కెనడాలో ఇప్పుడు ఆ మాట వాడితే మర్యాద కాదంటారు. వాళ్ల భాషలో వాళ్లు "ఇన్యుట్". ఆ మాటకు అర్థం "మనుషులు" అనే. ఒక్కరైతే "ఇనుక్". కెనడా ఉత్తర భాగంలో, గ్రీన్‌లాండ్‌లో, అలాస్కాలో ఉంటారు.

అక్కడ చెట్లు లేవు. అందుకని చేతికి దొరికిన వాల్రస్ దంతం, తిమింగలం ఎముక, జింక కొమ్ము, మెత్తని రాయి, వీటితోనే బొమ్మలు చేసేవాళ్లు. వేల ఏళ్ల కిందటి చిన్న చిన్న దంతపు బొమ్మలు ఆ ప్రాంతంలో తవ్వకాల్లో దొరికాయి. అవి చాలావరకు అరచేతిలో పట్టేంతవే. ఎప్పుడూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతూ వేటాడే వాళ్లు పెద్ద బొమ్మలు మోసుకుపోలేరు కదా. తర్వాత తిమింగలాల వేటకు యూరప్, అమెరికా నుంచి ఓడలు వచ్చినప్పుడు ఆ నావికులకు దంతపు బొమ్మలిచ్చి సూదులు, కత్తులు, టీ లాంటివి తీసుకునేవాళ్లు. అంటే అమ్మకానికి బొమ్మలు చేయడం అక్కడ అప్పటినుంచే ఉంది.

1940ల చివర్లో వాళ్లకు పెద్ద కష్టం వచ్చింది. అప్పటికి వాళ్లు మంచు నక్కల తోళ్లు కంపెనీలకు అమ్మి దుకాణం సరుకులు తెచ్చుకునేవాళ్లు. తోళ్ల ధర బాగా పడిపోయింది. సరిగ్గా ఆ సమయంలో, 1948లో, జేమ్స్ హ్యూస్టన్ అనే యువ చిత్రకారుడు బొమ్మలు గీసుకోవడానికి ఇనుక్జువాక్ అనే చోటికి వెళ్లాడు. అక్కడొకతను ఆయన చేతిలో చిన్న రాతి జింకబొమ్మ పెట్టాడు. ఆ పనితనం చూసి హ్యూస్టన్ ఆ బొమ్మల్ని మాంట్రియల్ నగరానికి తీసుకుపోయి కెనడా హస్తకళల సంఘానికి చూపించాడు. 1949 నవంబరులో ఆ సంఘం అమ్మకం పెట్టింది. మూడు రోజుల్లో బొమ్మలన్నీ అయిపోయాయి.

వాళ్లు ఎక్కువగా వాడిన రాళ్లు సర్పెంటైన్, సోప్‌స్టోన్. సోప్‌స్టోన్ అంటే మనకు తెలిసిందే. మనం పలక మీద రాసే బలపం, మన అవ్వలు పులుసు కాచే కల్‌చట్టి, రెండూ ఆ రకం మెత్తని రాయితో చేసినవే.

కానీ అమ్మకం మొదలైతే కొనేవాడి ఇష్టం కూడా లోపలికి వస్తుంది. ఏ వస్తువులు బాగా అమ్ముడుపోతాయో చూపిస్తూ 1951లో హ్యూస్టన్ బొమ్మలతో ఒక చిన్న పుస్తకం తయారుచేసి ఇన్యుట్ ఊళ్లకు పంపించాడు. అందులో వాళ్ల సంప్రదాయంలో లేని వస్తువులు కూడా ఉన్నాయి. కెనడా పశ్చిమ తీరంలో వేరే ఆదివాసులు చేసే టోటెం స్తంభం లాంటిది కూడా కొందరు చెక్కారు. దాన్ని కొన్నవాళ్లు "ఇది ఎస్కిమో బొమ్మ" అని ఇంటికి తీసుకుపోయి ఉంటారు. కాబట్టి సేకరించేవాళ్ల కోసం చేసిన కళలో "పాతది", "సొంతది" ఎంత, "అడిగితే చేసింది" ఎంత అని చూసుకోవాలి. ఇది తప్పని నేను అనడం లేదు. కడుపు నిండాలి కదా.

సిగరెట్ పెట్టె మీద నావికుడు

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి చెప్తాను. 1957లో కేప్ డోర్సెట్ అనే ఊళ్లో (ఇప్పుడు దాని పేరు కిన్‌గైట్) ఓసుయిటోక్ ఇపీలీ అనే గొప్ప శిల్పి రెండు సిగరెట్ పెట్టెలు చూస్తున్నాడు. రెండింటి మీదా ఒకే నావికుడి తల బొమ్మ. ఒక మనిషి కూర్చుని ప్రతి పెట్టె మీదా అదే బొమ్మ, అదే రకంగా గీయాలంటే ఎంత విసుగు అని అతనికి ఆశ్చర్యం వేసింది. అచ్చు అంటే ఏమిటో హ్యూస్టన్ మాటల్లో చెప్పలేక, అతను చెక్కిన వాల్రస్ దంతం మీద సిరా పూసి, పైన పల్చని కాగితం వేసి రుద్ది, తీసి చూపించాడు. గీతలు కాగితం మీదికి వచ్చాయి. అది చూడగానే ఓసుయిటోక్, ఇది మేమూ చేయగలం అన్నాడట.

అలా మొదలైంది కేప్ డోర్సెట్ అచ్చుబొమ్మల కథ. హ్యూస్టన్ 1958లో జపాన్ వెళ్లి అక్కడి చెక్క అచ్చుల పద్ధతి నేర్చుకొని వచ్చాడు. అక్కడ చెక్క లేదు కాబట్టి వాళ్లు రాతిపలక మీదే చెక్కి అచ్చు వేశారు. 1959 నాటి బొమ్మలతో మొదటి సంపుటి తయారైంది. అదే ఏడు ఊరివాళ్లు తమ సొంత సహకార సంఘం పెట్టుకున్నారు.

వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. ఒక్కో బొమ్మకు 50 కాపీలే తీయాలి. 50 అయ్యాక ఆ రాతి మీది బొమ్మను అరగదీసేస్తారు. ప్రతి కాపీ మీదా అది ఎన్నోదో రాస్తారు, బొమ్మ గీసినవాళ్ల పేరు రాస్తారు. ఆ పేరు చాలాసార్లు వాళ్ల భాషలో, వాళ్ల లిపిలోనే ఉంటుంది.

పేరు అన్నదానికి అక్కడ ఇంకో చరిత్ర ఉంది. ఇన్యుట్‌లకు ఇంటిపేర్లు ఉండేవి కావు. వాళ్ల పేర్లు రాసుకోవడం అధికారులకు కష్టమైంది. అందుకని 1941 నుంచి ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఒక నంబరు ఉన్న చిన్న బిళ్ల ఇచ్చింది. ఆ బిళ్లను మెడలో వేసుకోవాలి, లేదా దగ్గర ఉంచుకోవాలి. 1970 ప్రాంతంలో ఇంటిపేర్లు పెట్టేదాకా ఇదే పద్ధతి. కొన్ని పాత రాతిబొమ్మల అడుగున ఇప్పటికీ పేరు బదులు ఆ నంబరే చెక్కి ఉంటుంది. మనిషిని నంబరుగా చూసిన కాలంలో కూడా వాళ్లు తమ పనికి గుర్తు పెట్టుకున్నారు.

కెనోజువాక్ అషెవాక్ (1927–2013) అనే ఆమె మంచు గుడారాల్లో పెరిగింది. ఆమె గీసిన "మంత్రించిన గుడ్లగూబ" 1960లో అచ్చయింది. 1970లో కెనడా ఆ బొమ్మను తపాలా బిళ్ల మీద వేసింది. 2018లో ఆ బొమ్మ కాపీ ఒకటి వేలంలో 2 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఒక్క కాగితం!

అగ్గిపెట్టె మీద బొమ్మ

అక్కడ సిగరెట్ పెట్టె అయితే, ఇక్కడ అగ్గిపెట్టె. మన వైపు వానలు తక్కువ, ఎండ ఎక్కువ. నల్లరేగడి నేలలో పత్తి, చిరుధాన్యాలు పండినా, వాన రాకపోతే ఏమీ లేదు. 1922లో శివకాశి నుంచి పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అనే ఇద్దరు అన్నదమ్ముల వరస వాళ్లు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెలు చేయడం నేర్చుకున్నారు. తిరిగి వచ్చి 1923లో పని మొదలుపెట్టారు. పొడి గాలి ఆ పనికి అనుకూలమైంది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అంతా అగ్గిపెట్టెల ఊళ్లు అయిపోయాయి. తర్వాత టపాకాయలు వచ్చాయి.

అగ్గిపెట్టె అంటే దాని మీద ఒక లేబుల్ కావాలి. టపాకాయల డబ్బాకీ రంగుల కాగితం కావాలి. చదువు రాని మనిషి కూడా "ఆ నెమలి బొమ్మది ఇవ్వు, ఆ ఏనుగు బొమ్మది ఇవ్వు" అని అడిగి కొనాలి. అందుకని శివకాశిలో అచ్చు యంత్రాలు వచ్చాయి. లేబుళ్లు వేసే ఆ యంత్రాల మీదే క్రమంగా దేవుడి పటాలు, క్యాలెండర్లు అచ్చయ్యాయి.

ఆ కాలం అచ్చును లితో అంటారు. ఇప్పుడు అంతా ఆఫ్‌సెట్ అయినా శివకాశిలో కొన్ని ప్రెస్సుల పేర్లలో "లితో" అన్న మాట ఇంకా మిగిలే ఉంది. లితో అంటే గ్రీకు భాషలో రాయి. 1790లలో జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. నునుపైన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాయిని నీళ్లతో తడిపి సిరా పూస్తే, జిడ్డు ఉన్నచోట మాత్రమే సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. పైన కాగితం వేసి నొక్కితే బొమ్మ వస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. పని అయ్యాక రాయిని అరగదీసి కొత్త బొమ్మ గీస్తారు. కేప్ డోర్సెట్‌లో 50 కాపీలకు ఆపడానికి రాయిని అరగదీశారు. శివకాశిలో తర్వాతి బొమ్మకు చోటు కావాలని అరగదీశారు. పని ఒకటే, కారణం వేరు.

కొండయ్య రాజు

ఇప్పుడు ఆ సంతకం దగ్గరకు వస్తాను. పాత పటాల కింద ఇంగ్లీషు అక్షరాల్లో "సి. కొండయ్య రాజు" అని ఉంటుంది. ఆయన 1898లో మద్రాసులో పుట్టాడు. మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చదువుకున్నాడు. అక్కడ యూరప్ పద్ధతిలో వెలుగునీడలు వేయడం, దూరం దగ్గర చూపించడం నేర్పేవాళ్లు. చదువయ్యాక ఆయన ఉద్యోగం వెతుక్కోకుండా తిరువణ్ణామలై వెళ్లి రమణ మహర్షి ఆశ్రమంలో ఉన్నాడు. రమణ మహర్షి పుట్టిన తిరుచ్చుళి మన విరుదునగర్ జిల్లాలోనే ఉంది అన్నది ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

తర్వాత ఆయన నాటక కంపెనీలకు తెరలు గీశాడు. ఆ రోజుల్లో నాటక కంపెనీలు ఊరూరా తిరిగేవి. రాజసభ, ఉద్యానవనం, అడవి, వీధి, ఒక్కో దృశ్యానికి ఒక్కో తెర. అలా ఒక నాటక కంపెనీతో కోవిల్‌పట్టికి వచ్చాడు. 1940లలో ఆ కంపెనీ ఆగిపోయింది. ఆయన మాత్రం కోవిల్‌పట్టిలోనే నిలిచిపోయాడు. దేవి ఆర్ట్ స్టూడియో అని పెట్టి ఫోటోలు, బోర్డులు, చిత్రపటాలు చేశాడు. శివకాశి దగ్గరే కాబట్టి ప్రెస్సులవాళ్లు క్యాలెండరు బొమ్మల కోసం ఆయన దగ్గరకు వచ్చారు. 1976లో చనిపోయేదాకా ఆయన బొమ్మలు వేస్తూనే ఉన్నాడు.

ఆయన దగ్గర చాలామంది శిష్యులు నేర్చుకున్నారు. టి.ఎస్. సుబ్బయ్య, టి.ఎస్. అరుణాచలం, ఎం. రామలింగం వాళ్లలో ముఖ్యులు. కొన్ని పటాల మీద గురువు, శిష్యుడు ఇద్దరి సంతకాలూ ఉంటాయి. నేటికీ మనం చూసే క్యాలెండరు దేవుళ్ల ముఖాల్లో, నిలబడే తీరులో ఆ కోవిల్‌పట్టి చేతులు ఉన్నాయి.

కొండయ్య అన్న పేరు, రాజు అన్న మాట మన తెలుగువాళ్లకు కొత్తవి కావు. రాజపాళయంలో తెలుగు మాట్లాడే రాజులు ఉన్న సంగతి మనకు తెలుసు. విజయనగరం పడిపోయాక, నాయక రాజుల కాలంలో తెలుగు సీమ నుంచి ఎన్నో కుటుంబాలు దక్షిణానికి వచ్చాయి. వాటిలో సేద్యం చేసేవాళ్లే కాదు, చిత్రకారులు కూడా ఉన్నారు. బంగారు రేకులు, రాళ్లు పొదిగి చేసే తంజావూరు చిత్రాలు మొదట వేసినవాళ్లలో తంజావూరు, తిరుచ్చి రాజులు, మదురై నాయుడులు ఉన్నారని చరిత్రకారులు రాశారు. అంటే దేవుడి పటం వేయడం అన్నది ఈ నేల మీద మన భాషవాళ్లకు చాలా పాత పని.

ఒక బొమ్మలో ఏముంది

కొండయ్య రాజు బొమ్మల్లో బాగా పేరున్నది మీనాక్షి కల్యాణం. విష్ణువు తన చెల్లెలు మీనాక్షి చేతిని సుందరేశ్వరుడి చేతిలో పెడుతున్న ఘట్టం అది. ఈ ఘట్టం మదురై మీనాక్షి గుడిలో రాతి శిల్పంగా ఉంది. గుడికి పోయి చూసినవాళ్లకు అది నల్లని రాయి. క్యాలెండరులో అదే ఘట్టం రంగులు వేసుకొని, పట్టుబట్టలు కట్టుకొని ఇంటికి వచ్చింది.

ఆయన బొమ్మల్లో మూడు విషయాలు కలిసి కనిపిస్తాయి. మొదటిది, గుడి శిల్పం. దేవుడు మనకు ఎదురుగా నిలబడి, కళ్లతో మనల్నే చూస్తుంటాడు. రెండోది, కళా పాఠశాలలో నేర్చిన వెలుగునీడలు. అందుకే శరీరం గుండ్రంగా, నిజంగా ఉన్నట్టుంటుంది. మూడోది, నాటకం తెర. వెనకాల స్తంభాలు, పూలతోట, నది, పర్దాలు కనిపిస్తాయి. ఆయనకంటే ముందు రవివర్మ (1848–1906) నూనె రంగుల్లో దేవుళ్లను వేసి, 1894లో బొంబాయి దగ్గర సొంత ప్రెస్సు పెట్టి అచ్చు వేయించాడు. రవివర్మ దేవతలు కథలో మనుషుల్లా ఒకరినొకరు చూసుకుంటారు. కొండయ్య రాజు దేవతలు పూజకు నిలబడినట్టు మనవైపు చూస్తారు. అందుకే ఈయన పటం పూజగదికి సరిపోయింది అని నాకనిపిస్తుంది.

శివకాశి ప్రెస్సులు హిందూ దేవుళ్లను మాత్రమే వేయలేదు. వేలాంకణ్ణి మాత, యేసుక్రీస్తు, మక్కా మదీనా పటాలు, గాంధీ, నెహ్రూ, నేతాజీ, కామరాజ్, అన్నీ ఇక్కడివే. ప్రతి సంవత్సరం ఆడి పెరుక్కు రోజున ప్రెస్సులవాళ్లు వచ్చే ఏటి క్యాలెండరు నమూనాల ఆల్బం బయటపెడతారు. ఏజెంట్లు ఆ ఆల్బం పట్టుకొని ఊళ్లు తిరిగి ఆర్డర్లు తెస్తారు. బొమ్మ కింద కొట్టు పేరు అచ్చువేసి ఇస్తారు. ఆంధ్ర, తెలంగాణ కొట్లకు తెలుగు క్యాలెండర్లు కూడా ఇక్కడి నుంచే పోతాయి. అంటే తిథి, నక్షత్రం తెలుగులో ఉన్న ఆ కాగితం కూడా మన పక్క ఊళ్లో పుట్టినదే.

యాభై కాపీలు, లక్ష కాపీలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఎందుకు కెనోజువాక్ పేరు తెలిసింది, కొండయ్య రాజు పేరు తెలీలేదు?

కేప్ డోర్సెట్ బొమ్మ దూరంగా ఉన్న కొద్దిమంది కోసం చేసింది. 50 మాత్రమే ఉంటుంది కాబట్టి విలువ పెరుగుతుంది. కొనేవాడికి చేసినవాళ్ల పేరు కావాలి, ఎందుకంటే పేరుంటేనే ధర. శివకాశి బొమ్మ దగ్గర ఉన్న అందరి కోసం చేసింది. లక్షల్లో అచ్చవుతుంది, ఉచితంగా వస్తుంది. అందుకున్నవాడికి దేవుడు కావాలి, గీసినవాడి పేరుతో పనిలేదు. కింద పెద్ద అక్షరాల్లో ఉండేది కొట్టు పేరు. గీసినవాడి సంతకం మూలన చిన్నగా ఉంటుంది. చట్రం కట్టేటప్పుడు ఒక్కోసారి అదీ కత్తిరింపులో పోతుంది.

ఇది మనకు కొత్త కాదు. కోవిల్‌పట్టి దగ్గరే కళుగుమల ఉంది. 8వ శతాబ్దంలో పాండ్యుల కాలంలో కొండను పైనుంచి కిందికి తొలిచి చెక్కిన వెట్టువాన్ కోయిల్ అక్కడే ఉంది. పక్కనే కొండ బండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు వరసగా ఉన్నాయి. వాటి కింద పాత వట్టెళుత్తు లిపిలో చెక్కించినవాళ్ల పేర్లు ఉన్నాయి. ఉలి పట్టినవాళ్ల పేర్లను లోకం మరిచిపోయింది. ధనం ఇచ్చినవాడి పేరు నిలిచి, పనిచేసినవాడి పేరు పోవడం మన దగ్గర వెయ్యేళ్ల అలవాటు. క్యాలెండరు కింద కొట్టు పేరు పెద్దగా, చిత్రకారుడి పేరు చిన్నగా ఉండడం అదే అలవాటు అని నేను అనుకుంటున్నాను.

అయితే ఏది గొప్ప? 50 కాపీలదా, లక్ష కాపీలదా? ఇన్యుట్ బొమ్మను చేసినవాళ్ల ఇంటి గోడ మీద ఎక్కువగా చూడలేం. అది దక్షిణాది నగరాల్లో డబ్బున్నవాళ్ల ఇళ్లకు పోయింది. మన బొమ్మ మాత్రం పూరింట్లో కూడా ఉంది. కూలికి పోయే అమ్మ పొద్దున లేచి మొదట చూసే ముఖం అదే. ఇంతమంది రోజూ చూసిన చిత్రాలు వేసినవాడు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? ఆ లెక్కలో కొండయ్య రాజు చిన్నవాడు కాదు. కానీ వాళ్లు పేరును కాపాడుకున్నారు, మనం కాపాడుకోలేదు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇదొక్కటే.

ఎవరు దాచిపెట్టారు

ఇంకో ఆశ్చర్యం ఉంది. కొండయ్య రాజు గురించి శ్రద్ధగా పరిశోధించి రాసిన స్టీఫెన్ ఇంగ్లిస్ కెనడా దేశస్థుడు. ఆయన మదురై వైపు మట్టిబొమ్మలు చేసే వేళార్ల గురించి కూడా పరిశోధన చేశాడు. ఆయన పనిచేసిన కెనడా జాతీయ చరిత్ర మ్యూజియంలోనే ఇన్యుట్ కళల పెద్ద సేకరణ కూడా ఉంది. నేను కలిపి రాస్తున్న ఈ రెండు కథలూ ముందే ఒకే కప్పు కింద కలుసుకున్నాయన్నమాట.

అమెరికాలో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో డేనియల్ స్మిత్ అనే ప్రొఫెసర్ మన దేవుడి పటాలు వేలల్లో సేకరించి దాచాడు. ఢిల్లీలో ప్రియా పాల్ అనే ఆమె పాత పటాలు, లేబుళ్లు, క్యాలెండర్లు సేకరించింది. 2007లో కజ్రీ జైన్ మన క్యాలెండరు కళ గురించి, శివకాశి గురించి పెద్ద పుస్తకం రాసింది. వాళ్లందరికీ మనం కృతజ్ఞతలు చెప్పాలి. వాళ్లు దాచకపోతే చాలా బొమ్మలు ఇప్పటికి ఉండేవి కావు.

మన దగ్గర ఏం జరుగుతుంది? పాతబడిన దేవుడి పటాన్ని చెత్తలో వేయకూడదని రావిచెట్టు కింద పెట్టి వస్తాం. వానకు తడిసి, చెదలు పట్టి పోతుంది. పాత క్యాలెండరు అయితే పుస్తకాలకు అట్ట వేస్తాం, లేకపోతే భోగి మంటలో వేస్తాం. భక్తితో చేసేది తప్పు కాదు. దేవుడి పటం పాతబడితే మర్యాదగా సాగనంపడం మన పద్ధతి. మ్యూజియంలో పెట్టిన పటానికి కర్పూరం వెలగదు, బొట్టు పెట్టరు. అక్కడ అది దేవుడు కాదు, "వస్తువు" అయిపోతుంది. కాబట్టి అన్నీ మ్యూజియంలో పెట్టాలని నేను చెప్పను. కానీ సాగనంపేముందు ఒక్కసారి దాని కింద పేరు చదవొచ్చు కదా.

మనం ఏం చేయాలి

ఇన్యుట్ ప్రజలు కొద్దిమందే. వాళ్ల భాష మాట్లాడే పిల్లలు తగ్గిపోతున్నారని వాళ్ల పెద్దలకు దిగులు ఉంది. అయినా వాళ్లు తమ రాతి మీద తమ లిపిలో సంతకం చేశారు. తమిళనాట తెలుగు బడిలో చదివే మనకు ఆ మాట వింటే ఏదో సొంతంగా అనిపిస్తుంది. మన ఇళ్లల్లో మాట్లాడే భాషను మన పక్కింటివాళ్లు "మీ పాష" అంటారు. మన పూర్వీకులు ఈ నేలకు ఏం తెచ్చారు, ఏం చేశారు అని ఎవరన్నా అడిగితే మనం కట్టబొమ్మన్ పేరు, నాయక రాజుల పేర్లు చెప్తాం. కత్తి పట్టినవాళ్ల పేర్లు గుర్తున్నాయి. కుంచె పట్టినవాళ్ల పేర్లు కూడా గుర్తుండాలి.

కోవిల్‌పట్టి అంటే బయట ఊళ్లవాళ్లు కడలమిట్టాయి అంటారు. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే. దానితోపాటు కోవిల్‌పట్టి అంటే క్యాలెండరు దేవుళ్లు పుట్టిన ఊరు అని కూడా అనాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఈ పత్రిక చదివే అక్కలు, అన్నలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు అందరూ ఇంట్లో, అమ్మమ్మ ఇంట్లో, చిన్నాన్న ఇంట్లో ఉన్న పాత పటాలు ఒకసారి దగ్గరకు పోయి చూడండి. కింద మూలన చిత్రకారుడి పేరు, ప్రెస్సు పేరు, కొట్టు పేరు ఏముందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ పటం ఏ ఏడు వచ్చింది, ఎవరు ఇచ్చారు అని ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. పెళ్లిలో వచ్చిందో, మొదటి జీతంతో చట్రం కట్టించారో, వాళ్లు చెప్తారు. తెలుగులోనే రాయండి. ఒక్కో తరగతిలో పదిమంది రాసినా మన బడి చేతిలో మన ఊళ్ల బొమ్మల చరిత్ర ఉంటుంది. ఇప్పుడు దాన్ని చదవడానికి సిరక్యూస్ దాకా పోవాలి. మనం రాసుకుంటే మన బడి బీరువాలోనే దొరుకుతుంది.